హెర్‌-2 అందరిలోనూ ఉంటుందట, మరి అది జబ్బు ఎలా అయింది?

తెరచాప — మంగళవారం, రాత్రి 9:40

మా పిన్నికి 53 ఏళ్లు, పెందుర్తిలో ఉంటుంది. ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలినా రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. కూతురి పెళ్లి అయ్యాకే నోరు విప్పింది. ముక్క పరీక్ష రిపోర్టు నిన్న వచ్చింది. గడ్డ 3 సెంటీమీటర్లు. ఈఆర్‌ నెగటివ్‌, పీఆర్‌ నెగటివ్‌. హెర్‌-2 మాత్రం 2 ప్లస్‌ అని రాసి, ఫిష్‌ అనే మరో పరీక్ష చేయించమన్నారు.

రాత్రంతా ఇంట్లో దీని మీదే మాటలు. "ప్లస్‌ అని ఉందంటే ఉన్నట్టే కదా, మళ్లీ పరీక్ష పేరుతో పది రోజులు ఎందుకు పోగొట్టుకోవాలి?" అంటారు బాబాయి. నేను కామర్స్‌ చదివినదాన్ని, జవాబు చెప్పలేకపోయాను. డాక్టరుగారు లేవబోతూ అన్న ఒక మాట నన్ను వదలడం లేదు: "హెర్‌-2 మీలోనూ ఉంటుంది, నాలోనూ ఉంటుంది. మంచి ప్రోటీనే." మంచిదైతే క్యాన్సర్‌ ఎందుకు వచ్చింది? ఈఆర్‌, పీఆర్‌, హెర్‌-2 మూడింటినీ రిసెప్టర్లు అనే అంటున్నారు, మూడూ ఒకటేనా? తెలిసినవారు విడమరిచి చెప్పండి. పిన్ని డాక్టరును అడగదు, నన్నే అడుగుతుంది.

సీతమ్మధార మాస్టారు — మంగళవారం, రాత్రి 10:35

అమ్మా, నీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మూడూ కబురు అందుకునే పనిలో ఉన్నవే, అందుకే మూడింటికీ గ్రాహకాలని పేరు. ఉండే చోట్లు వేరు. ఈస్ట్రోజెన్‌ వంటి హార్మోను కొవ్వులో కరుగుతుంది కనుక కణపొరను దాటి లోపలికి వెళ్లిపోతుంది. దాన్ని అందుకునే ఈఆర్‌ కణం లోపల, కేంద్రకంలో ఉంటుంది. ప్రొజెస్టెరాన్‌ హార్మోనును అందుకునే పీఆర్‌ కూడా అంతే. హెర్‌-2 సంగతి అది కాదు. అది కణపొరలో నిలబడి ఉంటుంది. కొంత భాగం బయటికి, కొంత లోపలికి, మధ్యలో చిన్న ముక్క పొరలో గుచ్చుకుని.

మన ఇంటి కాలింగ్‌ బెల్లు చూడు. మీట గేటు దగ్గర, తీగ గోడలో, గంట వంటింట్లో. వచ్చినవాడు గడప దాటనక్కరలేదు, మీట నొక్కితే లోపల పని మొదలవుతుంది. కణానికి "పెరుగు, రెండుగా చీలు" అని కబురు తెచ్చే ప్రోటీన్లు పెద్దవి. పొరను దాటలేవు. బయటి మీటను నొక్కి వెళతాయి. లోపలి భాగం ఒక ఎంజైము. అది మేలుకుని పక్క ప్రోటీన్లకు ఫాస్ఫేటు ముద్రలు వేస్తుంది, ఆ ముద్రలు ఒకదాని తర్వాత ఒకటిగా కేంద్రకం దాకా వార్తను మోసుకుపోతాయి.

ఇది లేకపోతే మనం లేము. కత్తిపీటకు తెగిన వేలు మానడం, పేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి కొత్తగా పుట్టడం, గర్భం నిలిచినప్పుడు రొమ్ములో పాల గ్రంథులు విచ్చుకోవడం, అన్నింట్లో హెర్‌-2 కుటుంబపు గ్రాహకాల చేయి ఉంది. స్టాన్లీ కోహెన్‌ అనే శాస్త్రవేత్త ఎలుకల లాలాజల గ్రంథి నుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించి చూశాడు. వాటి కళ్లు మామూలుకంటే చాలా ముందే తెరుచుకున్నాయి, పళ్లు ముందే మొలిచాయి. ఆ రసంలోని పదార్థమే ఈజీఎఫ్‌, మీటను నొక్కే వేళ్లలో ఒకటి. ఆయనకు 1986లో రీటా లెవీ మోంటల్చీనీతో కలిపి నోబెల్‌ ఇచ్చారు. కన్ను తెరిపించే ప్రోటీను! ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ కుటుంబంలో నలుగురు తోబుట్టువులు: హెర్‌-1, 2, 3, 4. హెర్‌-1నే ఈజీఎఫ్‌ఆర్‌ అంటారు. ఒంటరిగా ఎవరూ పని చేయరు, ఇద్దరు జతపడాలి. ఇక్కడ నీకు కుంటివాడు, గుడ్డివాడి కథ గుర్తు రావాలి. హెర్‌-3 కబురు అందుకోగలదు కాని దాని లోపలి ఎంజైము దాదాపు చచ్చుబడినది. అది కుంటివాడు. హెర్‌-2కు మీట లేదు, దాన్ని నేరుగా నొక్కే వేలు ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. కాని దాని లోపలి ఎంజైము మహా బలమైనది. అది గుడ్డివాడు. కుంటివాడు భుజమెక్కి దారి చెబితే గుడ్డివాడు నడుస్తాడు. ఆరోగ్యంగా ఉన్న కణంలో జరిగేది ఇదే.

ఇప్పుడు జబ్బు. హెర్‌-2 జన్యువు 17వ క్రోమోజోము మీద ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, కణానికి రెండు ప్రతులు. కొన్ని గడ్డల్లో, రొమ్ము క్యాన్సర్లలో సుమారు 15 నుంచి 20 శాతంలో, ఆ జన్యువున్న ముక్క మళ్లీ మళ్లీ అచ్చు పడిపోతుంది. రెండు ఉండవలసిన చోట పదీ ఇరవై ప్రతులు. వేలల్లో ఉండవలసిన గ్రాహకాలు లక్షల్లో పొర మీద కిక్కిరిసిపోతాయి. అంతమంది గుడ్డివాళ్లు ఒకే వరండాలో నిలబడితే ఒకరికొకరు తగులుకోక తప్పదు. కుంటివాడు చెప్పకుండానే జతపడి నడక మొదలుపెడతారు. ఎవరూ మీట నొక్కకపోయినా లోపల గంట మోగుతూనే ఉంటుంది.

కనుక డాక్టరుగారు సరిగానే చెప్పారు. ప్రోటీను మంచిదే. లెక్క తప్పింది.

తెరచాప — మంగళవారం, రాత్రి 10:52

మాస్టారూ, రెండుసార్లు చదివాను. ఈ కథ పిన్నికి రేపే చెబుతాను. 2 ప్లస్‌ అంటే మరి సగం ఉన్నట్టా?

స్లైడుగది — బుధవారం, ఉదయం 6:50

డ్యూటీకి వెళ్లే ముందు రాస్తున్నాను. పద్నాలుగేళ్లుగా నా పని ముక్కలను మైనంలో బిగించి, సన్నగా కోసి, రంగు వేయడం. ఇది నాకు బాగా తెలిసిన చోటు.

2 ప్లస్‌ అంటే సగం కాదు. "చూపుతో తేల్చలేకపోయాం" అని అర్థం. హెర్‌-2ను పట్టుకునే యాంటీబాడీ వేసి గోధుమ రంగు తేలేలా చేస్తాం. ఈఆర్‌ అయితే రంగు కణం నడుమ చుక్కలా పడుతుంది, కేంద్రకంలో ఉంటుంది కదా. హెర్‌-2 అయితే రంగు అంచున గీతలా పడుతుంది. 3 ప్లస్‌ స్లైడును ఒకసారి చూసినవారు మరిచిపోరు. ప్రతి కణం చుట్టూ ముదురు గీత, కోళ్ల గూటికి కొట్టే జాలీలా ఉంటుంది. 0, 1 ప్లస్‌ అంటే రంగు లేనట్టు లేదా లీలగా ఉన్నట్టు. నడుమది 2 ప్లస్‌: గీత ఉంది, పలచగా ఉంది. జన్యువు పెరిగిన గడ్డా అలా కనిపించవచ్చు, పెరగనిదీ కనిపించవచ్చు.

అందుకే ఫిష్‌. అందులో ప్రోటీనును వదిలి జన్యువునే లెక్కపెడతాం. చీకటి గదిలో ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద హెర్‌-2 జన్యువు ఎర్రచుక్కగా, 17వ క్రోమోజోము నడుము పచ్చచుక్కగా వెలుగుతాయి. కనీసం ఇరవై కేంద్రకాలు లెక్కిస్తాం. ఎరుపుకు, పచ్చకు నిష్పత్తి 2 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, కణానికి సగటున నాలుగు ఎర్రచుక్కలైనా ఉంటే పాజిటివ్‌. మీ బాబాయిగారికి చెప్పండి, ఆ పది రోజులు పోగొట్టుకున్నవి కావు. జన్యువు పెరగని గడ్డకు హెర్‌-2ను పట్టుకునే ట్రాస్టుజుమాబ్‌ అనే మందును ఏడాది పాటు ఎక్కిస్తే మేలేమీ ఉండదు, గుండెకు ప్రమాదం మాత్రం ఉంటుంది. పెరిగిన గడ్డను నెగటివ్‌ అనుకుని వదిలేస్తే అంతకంటే ఘోరం.

ఇంకొక మాట, ఇది కడుపు మంటతో రాస్తున్నాను. ఫలితం మైక్రోస్కోపు దగ్గర మొదలవదు, థియేటరులో మొదలవుతుంది. ముక్క తీసిన గంటలోపు, అది చెడకుండా కాపాడే ఫార్మలిన్‌ అనే ద్రవంలో వేయాలి. అందులో కనీసం 6 గంటలు ఉండాలి, 72 గంటలు మించకూడదు. పేరు చెప్పను కాని, ఒక చిన్న నర్సింగ్‌ హోము నుంచి ముక్క సెలైన్‌ నీళ్లలో తేలుతూ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. తెచ్చిన అబ్బాయికి ఏ తప్పూ తెలియదు. ఆ ముక్క మీద ఏ రంగునూ నమ్మలేం. ఆ తల్లికి మళ్లీ సూది వేయవలసి వచ్చింది. మీరు అడగవలసినవి రెండే: ముక్కను ఫార్మలిన్‌లో ఎప్పుడు వేశారు? మైనం బ్లాకు భద్రంగా ఉందా? ఆ బ్లాకు మీదే, అడిగితే ఇస్తారు. దానితోనే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రిలో గాని, మరోచోట గాని రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. ఎండలో కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, అది మైనం.

పల్లెవంట — బుధవారం, ఉదయం 8:15

పాలు, గుడ్లు వెంటనే మాన్పించండి. పెరుగుదలను పెంచే ప్రోటీన్లు వాటిలోనే ఉంటాయి, అవే ఈ రిసెప్టర్లను రెచ్చగొడతాయి. మా ఎరుకలో ఒకావిడ అన్నీ మానేసి పచ్చి రసాలతోనే ఉన్నారు.

సీతమ్మధార మాస్టారు — బుధవారం, ఉదయం 9:05

మీ మనసు మంచిదే, కాని ఈ సలహా ప్రమాదకరం. తిన్న ప్రోటీను పొట్టలోనూ పేగులోనూ అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. పైగా హెర్‌-2కు మీటే లేదని రాత్రి రాశాను. బయటి నుంచి వచ్చి దాన్ని నొక్కేది ఏదీ లేదు, పాలలోనూ లేదు, పెరుగులోనూ లేదు. కీమో మొదలైతే నోరు పూసి, అన్నం సయించక మనిషి చిక్కిపోతుంది. అప్పుడు గుడ్డూ పప్పూ పెరుగే ఆదుకోవాలి. అమ్మా, పిన్నికి తినాలనిపించింది పెట్టండి. పథ్యం సంగతి డాక్టరును అడగండి.

తెరచాప — బుధవారం, మధ్యాహ్నం 1:20

చెల్లి, అదే పిన్ని కూతురు, ఫోన్లో ఏడుస్తోంది. అమ్మకు హెర్‌-2 పెరిగితే నాకూ వస్తుందా అని. పెళ్లై ఇరవై రోజులు కాలేదు.

స్లైడుగది — బుధవారం, మధ్యాహ్నం 2:10

ఆ కారణంగా రాదని చెప్పండి. హెర్‌-2 ప్రతులు పెరిగితే గడ్డ కణాల్లోనే పెరుగుతాయి, తల్లి అండంలో కాదు. అది పిల్లలకు దిగదు. కుటుంబాల్లో దిగే బీఆర్‌సీఏ జన్యువుల మార్పు వేరే విషయం. మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్‌ వచ్చి ఉంటే దాన్ని గురించి డాక్టరుతో విడిగా మాట్లాడండి.

సాగరగాలి — బుధవారం, రాత్రి 8:30

ఇక్కడ ఎప్పుడూ చదువుతాను, రాయడం ఇదే మొదటిసారి. నాకు హెర్‌-2 3 ప్లస్‌. ఆపరేషను అయి నాలుగేళ్లు. ఈ ఉదయం కూడా బీచ్‌ రోడ్డులో కురుసుర జలాంతర్గామి దాకా నడిచి వచ్చాను. ఇది మీ పిన్నిగారికి ముందు చెప్పండి.

నాకు మొదట కీమోతో కలిపి, తర్వాత విడిగా, మూడు వారాలకొకసారి ట్రాస్టుజుమాబ్‌ ఎక్కించారు. మొత్తం ఏడాది. కీమోకు జుట్టు ఊడింది, ఈ మందుకు ఊడలేదు. విడిగా ఎక్కించడం మొదలయ్యాక జుట్టు తిరిగి వచ్చింది. ఎకో మాత్రం మూడు నెలలకొకసారి తీయించాలని ముందే చెప్పారు. రెండోసారి కుదరలేదని వాయిదా వేద్దామనుకున్నాను. గుండెకు నాకేం జబ్బు, గడ్డ రొమ్ములో కదా అనుకున్నాను. మా అబ్బాయి పట్టుబట్టి తీసుకువెళ్లాడు. మొదట 62 శాతం ఉన్న గుండె పంపింగు 49కి దిగింది. నాకు ఆయాసం లేదు, కాళ్ల వాపు లేదు, ఏమీ తెలియలేదు. మందు ఆపి, గుండెకు మాత్రలిచ్చారు. ఆరు వారాల్లో 57కు వచ్చింది, మళ్లీ మొదలుపెట్టారు.

ఆ ఆరు వారాలూ నాకు నిద్ర లేదు. మందు లేకపోతే గడ్డ తిరిగి వస్తుందేమోనని, మందు ఉంటే గుండె ఆగుతుందేమోనని. రొమ్ముకు వేసిన మందు గుండెను ఎందుకు పట్టుకుందో అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ నాకు తెలియదు. మాస్టారు చెబుతారా?

సీతమ్మధార మాస్టారు — బుధవారం, రాత్రి 9:50

అమ్మా సాగరగాలీ, మీరు అడిగింది ఈ చర్చకు నడిబొడ్డు. గుండె కండరమూ ఆ గుడ్డివాడి భుజాల మీదే నడుస్తోంది.

గుండె లోపలి పొర నుంచి న్యూరెగ్యులిన్‌ అనే కబురు వస్తుంది. దాన్ని కండర కణం మీద హెర్‌-4 అందుకుంటుంది. హెర్‌-4 తన పక్కన నిలబెట్టుకునేది హెర్‌-2నే. ఆ జత పంపే కబురు "పెరుగు" అని కాదు, "దెబ్బ తగిలినా తట్టుకో, బతుకు" అని. గుండె కణాలు పెద్దయ్యాక దాదాపు చీలవు, కనుక ఉన్నవాటిని కాపాడుకోవడమే వాటికి ముఖ్యం. ఎలుకల్లో హెర్‌-2 జన్యువును తీసేసి చూశారు, 1995లో ప్రచురించారు. ఆ పిల్లలు గర్భంలోనే, పదకొండో రోజు లోపే చనిపోయాయి. గుండె లోపలి గోడ మీద ఏర్పడవలసిన కండరపు మడతలు ఏర్పడలేదు. గడ్డలో శత్రువనుకున్నది లేకపోతే గుండే తయారు కాలేదు!

మీకు ఎక్కించిన మందు హెర్‌-2 ఎక్కడ కనిపిస్తే అక్కడ పట్టుకుంటుంది. రొమ్ముదా, గుండెదా అని చూడదు. గడ్డ మీద లక్షల్లో ఉన్నాయి కనుక దెబ్బ అక్కడ ఎక్కువ. గుండె కణం మీద కొద్దిగానే ఉన్నా, కొందరిలో దాని ఆసరా సడలుతుంది. చాలామందిలో మందు ఆపితే గుండె కోలుకుంటుంది, మీకు జరిగింది అదే. కొన్ని పాత కీమో మందులు గుండె కణాలనే చంపుతాయి, ఆ నష్టం పూడ్చడం కష్టం. ఆ రెంటినీ ఒకేసారి కలిపి ఇవ్వడానికి డాక్టర్లు వెనుకాడేది అందుకే. మీ అబ్బాయికి నా ఆశీస్సులు చెప్పండి.

సాగరగాలి — బుధవారం, రాత్రి 10:05

చెప్పాను మాస్టారూ. నాలుగేళ్ల తర్వాత తెలిసింది. ధన్యవాదాలు.

పరవాడ మిత్రుడు — గురువారం, రాత్రి 7:45

ఫార్మా సిటీలో పని చేస్తాను. మందు వైపు నుంచి కొంచెం చెబుతాను.

మేము చేసేవి రసాయన మందులు. రియాక్టరులో పదార్థాలు కలిపి, వడగట్టి, ఆరబెడతాం. ట్రాస్టుజుమాబ్‌ అలా తయారుకాదు. అది యాంటీబాడీ, అంటే పెద్ద ప్రోటీను. చైనా హ్యామ్‌స్టర్‌ అనే చిట్టెలుక అండాశయ కణాలకు జన్యువునిచ్చి, పెద్ద తొట్టెల్లో ఆ కణాలను పెంచి, అవి విడిచిన ప్రోటీనును శుద్ధి చేస్తారు. అందుకే మాత్రగా మింగలేం, పొట్టలో అరిగిపోతుంది. అందుకే ఖరీదు కూడా.

దీని చరిత్ర చదివినప్పుడు నాకు ఆ ఓర్పు మీద గౌరవం కలిగింది. డెన్నిస్‌ స్లామన్‌, ఆక్సెల్‌ ఉల్‌రిచ్‌ తదితరులు 1987లో, ఈ జన్యువు పెరిగిన గడ్డలు త్వరగా తిరగబెడుతున్నాయని చూపించారు. మందుకు అమెరికాలో అనుమతి 1998లో వచ్చింది. తొలిదశ రోగుల్లోనూ ఇస్తే జబ్బు తిరగబెట్టడం సగానికి తగ్గిందని 2005లో తేలింది. నడుమ పద్దెనిమిదేళ్లు. ఒకప్పుడు భయపెట్టిన రిపోర్టే, మందు ఉన్నందువల్ల, నేడు ఆశ చూపే రిపోర్టు అయింది. మన దేశంలో దీని బయోసిమిలర్‌, అంటే దీనికి దగ్గరి నకలుగా చేసిన మందు, 2014లోనే మార్కెట్లోకి వచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ధర మునుపటితో పోలిస్తే బాగా దిగింది, అయినా ఏడాది మొత్తం అంటే మామూలు ఇంటికి భారమే. ఆరోగ్య పథకంలో ఎంతవరకు వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగండి, మొహమాటపడకండి.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌తోనే 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ తొలిసారి వెనక్కి తగ్గింది. చీలే ప్రతి కణాన్నీ ఆపే మందు అది. ఆ తరం అక్కడ తలుపు తీస్తే, ఈ తరం గడ్డకు ఉన్న ప్రత్యేకమైన గుర్తును వెతికి పట్టుకుంటోంది. మా షెడ్డులో ఆయన ఫొటో ఒకటి పెట్టుకున్నాం.

కొండవాలు — గురువారం, రాత్రి 9:15

మా పెదనాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌. జీవితంలో చుట్ట గాని బీడీ గాని ముట్టలేదు. ఈజీఎఫ్‌ఆర్‌ జన్యువులో 19వ ఎక్సాన్‌ అనే భాగంలో లోపం అని వచ్చింది, రోజూ ఒక మాత్ర ఇస్తున్నారు. దగ్గు తగ్గింది. కాని ముఖం నిండా మొటిమల్లాంటి పొక్కులు వచ్చాయి. మందు పడటం లేదని ఆయన రెండు రోజులు మానేశారు. ఇదీ హెర్‌-2 లాంటిదేనా?

పరవాడ మిత్రుడు — గురువారం, రాత్రి 9:40

అదే కుటుంబం, మాస్టారు చెప్పిన హెర్‌-1. అయితే లోపం వేరు. మీ పెదనాన్నగారి గడ్డలో ముఖ్యమైనది గ్రాహకాల సంఖ్య కాదు, వాటి ఆకారం. లోపలి ఎంజైములో చిన్న ముక్క ఊడిపోయి, మీట నొక్కకపోయినా అది మేలుకునే ఉంటుంది. పొగ తాగని ఆసియా వారిలో ఈ మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. మాత్ర చిన్న అణువు, పొరను దాటి లోపలికి వెళ్లి ఆ ఎంజైము గాడిలో కూర్చుంటుంది.

పొక్కులు ఎందుకంటే, చర్మం రోజూ తనను తాను కొత్తగా చేసుకోవడానికి వాడుకునేది ఈజీఎఫ్‌ఆర్‌నే. పేగు కూడా అంతే, అందుకే కొందరికి విరేచనాలు. పొక్కులు వచ్చాయంటే మందు పడటం లేదని కాదు, చర్మంలోని గ్రాహకాన్నీ తాకుతోందని. వాటికి వేరే మందులున్నాయి. దయచేసి మాత్ర మాన్పించకండి, డాక్టరుకు పొక్కులు చూపించండి. ఈ ఎండల్లో బయటికి వెళ్లేటప్పుడు టోపీ, ముఖానికి లేపనం తప్పనిసరి.

కొండవాలు — గురువారం, రాత్రి 9:48

ఇప్పుడే ఫోన్‌ చేసి చెప్పాను. రేపటి నుంచి వేసుకుంటానన్నారు. ఉదయమే డాక్టరు దగ్గరికి తీసుకువెళతాను.

తెరచాప — మరుసటి వారం శనివారం, సాయంత్రం 6:10

ఫిష్‌ రిపోర్టు వచ్చింది. నిష్పత్తి 4.3, కణానికి సగటున తొమ్మిది ఎర్రచుక్కలు. పాజిటివ్‌.

బ్లాకును బాబాయే తీసుకువెళ్లి ఇచ్చారు, చల్లటి నీళ్ల సీసా పక్కన గుడ్డలో చుట్టి. ఫార్మలిన్‌లో ఎప్పుడు వేశారని అడిగితే ల్యాబు అబ్బాయి రిజిస్టరు తీసి సమయం చూపించాడట. ఈ మధ్యాహ్నం రిపోర్టు చదివాక మాత్రం చాలాసేపు మాట్లాడలేదు.

ముందు కీమోతో పాటు ఈ మందు, గడ్డ తగ్గాక ఆపరేషను, ఆ తర్వాత ఏడాది పూర్తయ్యేదాకా మందు అన్నారు. పెర్టుజుమాబ్‌ అనే రెండో మందు కూడా కలపవచ్చట, అది హెర్‌-2ను పక్కదానితో జతపడనివ్వదని చెప్పారు. ఎకో నిన్న తీశారు, 64. తర్వాతి ఎకో తేదీని క్యాలెండరులో పిన్నే ఎర్రపెన్నుతో రాసుకుంది.

కథ చెప్పాను మాస్టారూ. మొత్తం విని పిన్ని అడిగింది: "అయితే గుండెలో ఉన్న గుడ్డివాడికి కూడా ఈ మందు తగులుతుంది కదా, వాడు పాపం ఏం చేశాడు?" మీరు సాగరగాలి గారికి రాసినదంతా అప్పుడు చదివి వినిపించాను.

సోమవారం మొదటి డోసు.

సాగరగాలి — శనివారం, సాయంత్రం 6:35

మొదటి డోసు నెమ్మదిగా ఎక్కిస్తారు, చాలాసేపు పడుతుంది. కొందరికి చలీ వణుకూ వస్తాయి. నాకు వచ్చింది. వెంటనే నర్సుకు చెప్పమనండి, ఓర్చుకోవద్దు. సంచిలో ఒక దుప్పటి, మేజోళ్లు పెట్టండి.

తెరచాప — శనివారం, సాయంత్రం 6:41

దుప్పటి ఇప్పుడే పెట్టాను. మేజోళ్లు వెతుకుతున్నాను.